మిషను బుల్లిదే... కళ్లజోడు మరవకండి!

టెంకాయ పచ్చడి నూరుకున్నాక చిప్పని ఏం చేస్తున్నారు? పొయ్యిలో పెట్టేస్తున్నారా? ఆగండి! అదే చిప్పతో చెవి లోలాకులు, చీరె పిన్ను బిళ్లలు, కుంకుమ భరిణె చక్కగా చేసుకోవచ్చు. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవారికి ఉలి, సుత్తి చాలు. వాళ్లది తరాల పనితనం. మనకంత నేర్పు లేదు కదా! అందుకే లావుపాటి పెన్నులా చేతిలో ఇమిడే రోటరీ మిషన్లు ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్నాయి. అడాప్టర్‌తో నడిచే చవకరకం వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది.

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో పరుచుకున్న శ్రీసిటీ ఫ్యాక్టరీలకు చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు ఎందరో వెళ్లొస్తుంటారు. మిషన్ దగ్గర నిలబడాలంటే జడ ముడిచి కట్టాలి, గాజులు తీయాలి, కళ్లకు అద్దాలు పెట్టాలి అని వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మరి ఇంట్లో అదే పని చేసేటప్పుడు ఆ జాగ్రత్త ఏమవుతుంది? "ఇంతేగా, బుల్లిదేగా" అనిపిస్తుంది! బుల్లిదే గానీ, వీటిలో నిమిషానికి 20,000, 30,000 చుట్లు తిరిగేవి ఉన్నాయి. మన మిక్సీకేం తీసిపోవు. పైగా మిక్సీకి మూత ఉంటుంది, దీనికి ఉండదు.

నా సంగతే వినండి. ఒకసారి గోరంత మందం లేని కోత బిళ్లని పక్కకు వంచి కోశాను. టప్పున విరిగి, ముక్క వచ్చి కళ్లజోడుకు తగిలింది. ఆ గీత ఇంకా అలాగే ఉంది. ఆ కళ్లజోడైనా మా అమ్మాయి పోరు పడలేక పెట్టుకున్నదే సుమా! చదువుకునే అద్దాలు కాదు, పక్కలు కూడా మూసి ఉండే రక్షణ కళ్లజోడు కావాలి. హార్డ్‌వేర్ షాపులో అడగండి.

బిళ్ల కొనేటప్పుడు దానిమీదో, అట్టమీదో రాసిన వేగం చూడండి. మీ మిషన్ గరిష్ఠ వేగం అంతకు మించకూడదు. చీలిక ఉన్న బిళ్లని మొహమాటం లేకుండా పారేయండి. బిట్టు కాడని చక్‌లోకి బాగా లోపలికి పెట్టి బిగించండి. ఎక్కువ బయటికి ఉంటే వంగిపోయి కొరడాలా కొడుతుంది. పైట నడుముకు దోపడం కాదు, వీలైతే పంజాబీ డ్రస్సులో కూర్చోండి, చున్నీ లేకుండా. మెడలో గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోండి. గుడ్డ గ్లౌజులు మాత్రం వద్దు. తిరిగేదానికి చుట్టుకుంటే చెయ్యే లాగేస్తుంది.

ఇక మిషన్‌కి మార్పులు చేయాలని చాలామందికి సరదా. చేయండి, కాని బయటే. కంసాలి బల్ల ముందు గాడి కోసిన చెక్కముక్క పొడుచుకుని ఉంటుంది చూశారా? అలాంటిది మీ బల్లకు బిగించుకుంటే చిన్న చిప్పముక్క దానిమీద కదలకుండా ఉంటుంది, వేళ్లు బిట్టుకి దూరంగా ఉంటాయి. మిషన్‌కి సరిపోయే వంగే షాఫ్ట్ దొరికితే ఇంకా మేలు. మిషన్ని పైన కొక్కేనికి తగిలించి, చేత్తో తేలికైన పిడి మాత్రమే పట్టుకుంటారు. మణికట్టు నొప్పి ఉండదు. కొందరు ప్లాస్టిక్ సీసా కోసి అడ్డు పెడతారు. అది పొడిని ఆపుతుందేమో గాని, విరిగిన బిళ్లను ఆపదు.

వైర్లు విప్పడం, ఎక్కువ ఓల్టుల అడాప్టర్ తగిలించి వేగం పెంచడం, ఫ్యాన్ రెగ్యులేటర్ కలపడం... వీటి జోలికి పోకండి. వేగం తిప్పే చక్రం కావాలంటే అది ఉన్న మిషనే కొనుక్కోవడం మేలు.

అన్నట్టు, చిప్పని పెద్దగా కోయాల్సివస్తే సన్న రంపమే నయం. మిషన్ని అంచులు నునుపు చేయడానికి, బెజ్జాలకు, చెక్కడానికి దాచుకోండి. గట్టిగా నొక్కకండి. మాడిన వాసన వచ్చిందంటే వేగమో, మీ చెయ్యో ఎక్కువైందన్నమాట. చవక మోటారు త్వరగా వేడెక్కుతుంది. కాస్సేపు పని చేసి, ఒళ్లు కాలుతుంటే చల్లారనివ్వండి. బిట్టు మార్చేముందు ప్లగ్గు తీయడం మరవకండి. చిప్ప పొడి మెత్తనిది, గొంతులోకి పోతుంది. ముక్కుకు మాస్కు పెట్టుకుని వరండాలో కూర్చోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పనయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

చివర్లో ఉప్పుకాగితంతో రుద్ది, నాలుగు చుక్కల కొబ్బరినూనె రాసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి చిప్ప నల్లగా నిగనిగలాడుతుంది.