ఈఎస్‌ఐ ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతోంది?

నందికొండ లాంటి చిన్న మున్సిపాలిటీల్లో తెల్లారకముందే వీధులు ఊడ్చేది, మోరీలు తీసేది ఎక్కువగా ఔట్‌సోర్సింగ్ కార్మికులే. ఈ పనిలో ఉన్నవాళ్లలో అత్యధికులు దళితులు. పనిచేయించుకునేవాళ్ల నుంచి వీళ్లకు దక్కాల్సిన ఆరోగ్య రక్షణ ఈఎస్‌ఐ. మేము పారిశుద్ధ్య కార్మికులను కలిసినప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మీ ఈఎస్‌ఐకి ఎవరి ఫోన్ నంబర్ ఇచ్చారు?

ఈ ప్రశ్న ఎందుకంటే, ఈఎస్‌ఐ ఇప్పుడు మొత్తం ఆన్‌లైన్ అయింది. పేరు నమోదు, కార్డు, నెలనెలా చందా లెక్క, అన్నీ పోర్టల్‌లోనే. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి తన ఇన్సూరెన్స్ వివరాలు తన ఫోన్‌లోనే చూసుకుంటాడు. మన కార్మికుని పేరు నమోదు చేసేది కాంట్రాక్టర్. అక్కడ కాంట్రాక్టర్ తన నంబరే ఇస్తే, ఓటీపీ అతనికే పోతుంది. కార్మికునికి తన ఖాతా తనకే కనిపించదు.

ఇది చిన్న సంగతి కాదు. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ కిందికి వస్తారు. కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 16,000 జీతానికి కార్మికుని నుంచి 120, యజమాని నుంచి 520 రూపాయలు జమ కావాలి. జబ్బు చేసి పనికి పోలేనప్పుడు వేతనంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. అయితే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమై ఉండాలి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పాత నంబర్ వదిలేసి కొత్తది తీస్తే ఆ రోజులు రెండు ముక్కలవుతాయి. నిజానికి ఆ పదంకెల నంబర్ ఒక్కసారి వస్తే జీవితాంతం అదే.

కాంట్రాక్టర్ కట్టకపోతే ఎవరిది బాధ్యత? 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం దీనికి సూటిగా జవాబు చెప్పింది. కాంట్రాక్టర్ ద్వారా తెచ్చుకున్న కార్మికుల చందా కూడా మొదట ప్రధాన యజమానే కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. కాబట్టి ‘కాంట్రాక్టర్‌ను అడుగు పో’ అనే మాట చెల్లదు. ఈ చట్టానికి పునాది పడింది బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యునిగా ఉన్న కాలంలోనే.

చేయాల్సినవి మూడు. మీ ఈఎస్‌ఐ నంబర్ రాసుకోండి. మీ సొంత ఫోన్ నంబర్ ఎక్కించుకోండి. ఉమంగ్ యాప్‌లోనో పోర్టల్‌లోనో చందా పడిందో లేదో చూసుకోండి. నెల చందా తర్వాతి నెల 15లోగా కట్టాలి. పడకపోతే 1800-11-2526కు ఫోన్ చేయండి, యూనియన్ ద్వారా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఫోన్ లేనివాళ్ల కోసం, కట్టిన చలానాను పేర్లతో సహా నెలనెలా మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించాలని అందరం కలిసి అడగాలి. జీతంలోంచి కోసిన డబ్బు ఎక్కడికి పోయిందని అడగడం హక్కు.