దూరపు సర్వరులో ఎవరున్నారు?

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట, సముద్రముల కావలి సర్వర్లను రాత్రివేళ ఇచ్చటినుండియే నడుపువారు మన యిండ్లలో నెందరో కలరు. అట్టి సర్వరును ఆపి మరల నడుపుటకు ముందు, అందెవరైన పనిచేయుచున్నారా యని చూడవలెను. అందులకు 'హూ' అను కమాండు కలదు.

అది ఒక్క పేరైనను చూపనంతమాత్రమున లోపల నెవరును లేరని తలంపరాదు. అది సాధారణముగా 'యూటీఎంపీ' అను హాజరుపట్టీని చదివి చెప్పునదే కాని, తొంగిచూచి చెప్పునది కాదు. టెర్మినల్ తెరువక ఎస్ఎఫ్‌టీపీతో ఫైళ్లు పంపువారి పేరు ఆ పట్టీ కెక్కదు. (1971లో లెస్ ఎర్నెస్ట్ రచించిన 'ఫింగర్' నడుగుద మన్నచో, దానిని భద్రతకై పెక్కుచోట్ల మూసివేసినారు.)

కావున 'పీఎస్' చూపు పట్టికను గూడ చదువవలెను. 'ఎస్ఎస్‌హెచ్‌డీ' వరుసలో పేరు ప్రక్కన 'నోటీటీవై' అని యున్నచో, హాజరు వేయించుకొనని మనిషి అతడే. సర్వరు ఆగిన, అతని ఫైలు సగములో తెగును. ముందుగా అతనికి కబురంపుట మేలని మా యభిప్రాయము.