బంతికి గరుకు... పిన్నులకు బెరుకు!

క్రికెట్ బంతికి ఉప్పుకాగితం తగిలిందా... నిషేధమే! బౌలింగ్ బంతికి తగిలితే మాత్రం అది ఆటగాడి తెలివితేటల కింద లెక్క. ఆరేడు కిలోల బంతి తిన్నగా వెళ్తూ వెళ్తూ చివర్లో చటుక్కున మలుపు తిరగడం వెనక ఆ కాగితం పాత్ర చాలానే ఉంది.

2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టు గుర్తుందిగా! ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ బాన్‌క్రాఫ్ట్ ఉప్పుకాగితంతో బంతిని రుద్దుతూ కెమెరాకు చిక్కాడు. అతనికి తొమ్మిది నెలలూ, స్టీవ్ స్మిత్, డేవిడ్ వార్నర్‌లకు ఏడాదీ నిషేధం పడింది. అదే పది పిన్నుల బౌలింగ్‌లో అయితే పోటీకి ముందు బంతిని రుద్దడం తప్పేమీ కాదు. అమెరికాలో ఈ ఆటను కాస్త గట్టిగా ఆడేవాళ్ల సంచిలో రకరకాల గరుకు బిళ్లలు ఉండటం మామూలే.

మలుపు ఎందుకు?

ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా అరవై అడుగులు. లేన్ వెడల్పు మాత్రం మూడున్నర అడుగులే. ఒక్క దెబ్బకు పది పిన్నులూ పడాలంటే బంతి మొదటి పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య ఏటవాలుగా దూరాలి. ఆ వాలు ఆరు డిగ్రీల దగ్గర ఉంటే స్ట్రైక్ పడే అవకాశం బాగా పెరుగుతుందని అమెరికా బౌలింగ్ సమాఖ్య పరిశోధనలు చెబుతున్నాయి. కానీ లేన్ అంచు నుంచి గీత గీసినట్టు విసిరినా వచ్చే వాలు రెండు డిగ్రీలు కూడా ఉండదు. అందుకే బంతి చివర్లో వంపు తిరగాలి. దాన్నే హుక్ అంటారు.

అదెలా వస్తుందంటే... లేన్ మీద ముందు భాగంలో, ఇంచుమించు నలభై అడుగుల వరకు, పలుచగా నూనె పూస్తారు. మొత్తం కలిపితే అయిదారు చెంచాలకు మించదు. మిగతాది పొడి నేల. విసిరేటప్పుడు ఆటగాడు వేళ్లతో బంతికి పక్కకు తిరుగుడు ఇస్తాడు. నూనె మీద ఉన్నంతసేపూ బంతి జారుతుంది. పొడి నేల తగలగానే పట్టు దొరికి పక్కకు మళ్లుతుంది. ఆ తర్వాత నిలకడగా దొర్లుతూ పిన్నుల్ని చేరుతుంది. ఆ పట్టు ఎక్కడ మొదలవ్వాలన్నది బంతి పైపొర చేతిలో ఉంటుంది.

నంబర్ల ఆట

గరుకు బిళ్లల మీద 500, 1000, 2000, 4000 అంటూ నంబర్లుంటాయి. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. బంతిని గిర్రున తిప్పే యంత్రం మీద పెట్టి, నీళ్లు చల్లి, తడి బిళ్లను అదిమిపెట్టి అన్ని వైపులా సమానంగా రుద్దుతారు. కంటికి కనిపించనంత సన్నటి గీతలు పడతాయి. తడిరోడ్డు మీద అరిగిన టైరు జారుతుంది, గాళ్లున్న టైరు పట్టుకుంటుంది కదా... ఇక్కడా అంతే. గీతలున్న బంతి నూనె పొరను దాటి నేలను తాకుతుంది. మెరుగు పెట్టిన బంతి నూనె మీద హాయిగా జారిపోతుంది.

అయితే గరుకు పెరిగితే మలుపు కూడా పెరుగుతుందనుకుంటే పొరపాటే! గరుకు బంతి ముందే నేలను పట్టుకుని, ముందే మళ్లుతుంది. పరుగు పందెంలో మొదట్లోనే ఉరికి చివర్లో ఆయాసపడేవాడిలా పిన్నుల దగ్గరికి వచ్చేసరికి డీలా పడుతుంది. నున్నటి బంతి బలం దాచుకుని చివర్లో ఒక్కసారిగా తిరుగుతుంది. అందుకే నూనె ఎక్కువుంటే గరుకు, తక్కువుంటే నునుపు అన్నది ఆటగాళ్ల లెక్క. ఆట సాగేకొద్దీ బంతులే నూనెను తుడిచేస్తూ, ముందుకు ఈడుస్తూ ఉంటాయి. కాబట్టి మొదటి ఆటలో కుదిరిన లెక్క మూడో ఆటలో తప్పొచ్చు. చాలామంది రెండు మూడు బంతులు వెంట తెచ్చుకునేది అందుకే.

నానబెట్టిన మొనగాడు

ఈ పట్టు కోసం 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ఇంకో దారి తొక్కాడు. మిథైల్ ఇథైల్ కీటోన్ అనే రసాయనంలో ప్లాస్టిక్ బంతుల్ని నానబెట్టాడు. పైపొర మెత్తబడింది, పట్టు పెరిగింది. ఆ ఒక్క ఏడాదే ఆరు టైటిళ్లు గెలిచి ఉత్తమ ఆటగాడయ్యాడు. అప్పటికి దాన్ని కాదనే నిబంధన లేదు. మిగతావాళ్లూ డబ్బాలు పట్టుకుని మొదలెట్టారు. అది సులువుగా అంటుకునే ద్రవం, ఆవిరి పీల్చినా హాని. చివరికి బంతి ఇంతకంటే మెత్తగా ఉండకూడదంటూ హద్దు పెట్టారు. ఆ గొడవ ఇప్పటికీ సద్దుమణగలేదు. మెత్తదనం హద్దు దాటిందంటూ 2022లోనూ కొన్ని మోడళ్లను అమెరికా జాతీయ టోర్నీల్లోకి రానివ్వలేదు.

ఉప్పుకాగితానికీ హద్దుంది. రుద్దాలన్నా, మెరుగు పెట్టాలన్నా పోటీ మొదలవ్వక ముందే. మొదలయ్యాక పొడి తువ్వాలుతో తుడుచుకోవడమే. లేన్ ఎలా ఉంటుందో ముందే ఊహించి సిద్ధమైనవాడిదే పైచేయి కావాలన్నది ఇందులో న్యాయం.

మరి మన మాల్‌లో?

హైదరాబాద్‌లోనో విశాఖలోనో పిల్లలతో సరదాగా ఆడటానికి వెళ్తే అక్కడిచ్చే బంతులు సాధారణంగా నున్నటి పాలియెస్టర్‌వి. తిన్నగా వెళ్లడానికే చేసినవి. ఎంత మణికట్టు తిప్పినా పెద్దగా వంపు రాకపోతే తప్పు మీది కాదు, బంతిది! అలాగని వాటిని రుద్దే పని మాత్రం పెట్టుకోకండి.

సొంత బంతి కొనుక్కున్నవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఆఫీసు లీగుల్లో ఆడే మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. కొన్నాళ్లకు 'ఈ బంతి చచ్చిపోయింది, మునుపట్లా తిరగట్లేదు' అనిపిస్తుంది. గరుకు బంతి దొర్లి దొర్లి నునుపెక్కడం, పైపొర నూనె పీల్చుకోవడం సహజం. కొత్తదానికి వందల డాలర్లు పోసే ముందు ఒకసారి శుభ్రంగా కడిగి, గరుకు బిళ్లతో రుద్ది చూస్తే చాలు. చాలా బంతులకు మళ్లీ ప్రాణం లేచొస్తుంది.