బిడ్డ బరువే కాదు, కళ్ళూ చూడాలి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని చూడ్డానికొస్తే మా అచ్చంపేటలో మొదటి ప్రశ్న ‘ఎన్ని కేజీలు?’. ‘కళ్ళు చూపించారా?’ అని అడిగేవాళ్ళు అరుదు. నిజానికి అడగాల్సింది అదే.

కంటి వెనక రెటీనా అనే పొర ఉంటుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు కడుపులో దాదాపు 16వ వారంలో మొలిచి, మధ్య నుంచి అంచులకి పాకుతాయి. ముక్కువైపు అంచుకి 36వ వారానికి, చెవివైపు అంచుకి 40వ వారానికి చేరతాయి. వాటికి దారి చూపేవి ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు. ఇవి చూపుకి పనికొచ్చే కణాలు కావు, కానీ ఇవి ముందు నడిస్తేనే నాళాలు వెనక నడుస్తాయి. ముందుకెళ్ళిన చోట ఆక్సిజన్ ఉండదు కదా, అప్పుడు ‘వీఈజీఎఫ్’ అనే ప్రొటీన్ వదులుతాయి. సాగర్ కుడికాలువ చివరి భూముల రైతులు నీళ్ళకోసం గోల పెట్టినట్టన్నమాట. ఆ పిలుపు వైపే నాళం కొస సన్నటి వేళ్ళు చాచి పాకుతుంది. రక్తం అందగానే గోల తగ్గుతుంది.

ముందే పుట్టిన బిడ్డకి కడుపులో కంటే ఎక్కువ ఆక్సిజన్ దొరుకుతుంది. కణాలు నోరు మూసుకుంటాయి, నాళాలు మధ్యలోనే ఆగిపోతాయి. కొన్ని వారాలకి రెటీనా ఎదిగి ఆకలి పెరిగితే, రక్తం లేని భాగమంతా ఒక్కసారే అరుస్తుంది. నాళాలు దారి తప్పి గుబురుగా పెరిగి, మచ్చకట్టి, రెటీనాని ఊడలాగేస్తాయి. ఇదే ఆర్‌ఓపీ. 1942లో బోస్టన్‌లో డాక్టర్ టెర్రీ దీన్ని గుర్తించారు. అతిగా ఇచ్చే ఆక్సిజన్ మీద 1951లో ఆస్ట్రేలియా డాక్టర్ కేట్ క్యాంప్‌బెల్ వేలు చూపారు. అలాగని ఆక్సిజన్ మానేస్తే బిడ్డ ప్రాణానికే ముప్పు, కొలిచి ఇవ్వాల్సిందే.

మా అక్క కొడుకు 31వ వారంలో పుట్టాడు, 1,400 గ్రాములు. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో కళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త చెబితే 27వ రోజున పరుగెత్తాం. వాడికి నాళాలు వాటంతటవే అంచుకి చేరాయి, లేజర్ అవసరం పడలేదు.

అవసరమైతే రక్తం లేని భాగాన్ని లేజర్‌తో కాలుస్తారు. నీరందని చేను సాగు మానిపించినట్టే, అరిచేవాళ్ళుండరు. కొందరికి వీఈజీఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్ ఇస్తారు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ సుభద్ర జలాలి బృందం 1990ల చివర్లోనే జంటనగరాల్లో ఈ పరీక్షలకి పూనుకుంది. మనకి దగ్గర్లో అయితే విజయవాడ తాడిగడపలో వాళ్ళ ఆసుపత్రి ఉంది.

34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపున్నా 30 రోజుల్లోపు పరీక్ష చేయించాలి. 28 వారాల లోపైనా, 1,200 గ్రాముల లోపైనా రెండు మూడు వారాలకే. చుక్కలు వేసి చూస్తారు, అంతే. ఒక్కసారి బాగుందన్నారని ఆపేయకండి. నాళాలు అంచుకి చేరేదాకా డాక్టర్ రమ్మన్న తేదీకే వెళ్ళాలి, వారం ఆలస్యమైనా జబ్బు ముదరొచ్చు.