పక్షవాతం తర్వాత నడక: కాలికి తొడిగే రోబో ఎంతవరకు సాయపడుతుంది?

పక్షవాతం వచ్చి ప్రాణాపాయం తప్పాక కుటుంబసభ్యులు మమ్మల్ని ముందుగా అడిగే ప్రశ్న ‘మళ్లీ నడుస్తారా?’ అని. ఈమధ్య దానికి మరొకటి తోడైంది. ‘కాలికి తొడిగే రోబోలు వచ్చాయట కదా, అది పెడితే లేచి నడుస్తారా?’ పొలం అమ్మైనా చేయిస్తామనేవారూ ఉన్నారు. అందుకే ఈ యంత్రాల గురించి వివరంగా చెప్పదలిచాం.

కాలు ఎందుకు మాట వినదు?

పక్షవాతంలో దెబ్బ తగిలేది కాలికి కాదు, మెదడుకు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా కండరాలకు అందే ఆదేశాలు తగ్గిపోతాయి. అప్పుడు అడుగు వేస్తుంటే పాదం పైకి లేవక వేళ్లు నేలకు తగులుతాయి. వెనుక కాలితో నేలను నెట్టే బలమూ తగ్గుతుంది. అందుకే చాలామంది కాలిని పక్కకు తిప్పి వేస్తారు, త్వరగా అలిసిపోతారు.

అయితే ఒకే పనిని సరైన పద్ధతిలో ఎన్నోసార్లు చేయిస్తే, మెదడులో దెబ్బతినని భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకుంటాయి. ఫిజియోథెరపీకి ఆధారం ఇదే.

యంత్రం చేసే పని

రోగి అడుగు వేయబోతున్నాడని సెన్సార్లు గుర్తిస్తాయి. వెంటనే మోటార్లు తగినంత సాయం అందిస్తాయి. ఈ యంత్రాలలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి.

మొదటిది నడుము నుంచి పాదం దాకా ఉండే గట్టి చట్రం. ఎక్సో అనే ఇలాంటి యంత్రాన్ని పక్షవాత రోగుల శిక్షణకు వాడేందుకు అమెరికాలోని ఎఫ్.డి.ఎ. సంస్థ 2016లో అనుమతించింది. జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు యోషియుకి సంకాయ్ రూపొందించిన ‘హాల్’ కూడా ఈ కోవదే. అది చర్మం మీద అంటించిన పట్టీల ద్వారా కండరాల సన్నని విద్యుత్ సంకేతాలను గ్రహించి కదులుతుంది.

రెండోది బట్టలా తొడుక్కునే మెత్తని రకం. హార్వర్డ్ పరిశోధనల నుంచి వచ్చిన ‘రీస్టోర్’‌కు 2019లో అనుమతి లభించింది. నడుము దగ్గరి మోటారు సన్నని తీగలను లాగి, సమయానికి పాదాన్ని పైకి లేపుతుంది, నేలను నెట్టడానికీ తోడ్పడుతుంది.

ఎవరికి మేలు?

ఒంటికి తొడిగేవే కాక ఇతర నడక శిక్షణ యంత్రాలపై కూడా జరిగిన 62 అధ్యయనాలను, అంటే 2,440 మంది రోగుల ఫలితాలను, కోక్రేన్ సంస్థ 2020లో పరిశీలించింది. ఫిజియోథెరపీతో పాటు యంత్రాన్ని వాడినవారిలో ఎక్కువమంది సొంతంగా నడవగలిగారు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో ఉన్నవారికి, అప్పటికి అసలు నడవలేనివారికి ఎక్కువ మేలు కనబడింది. ‘ఫిజియోథెరపీతో పాటు’ అన్న మాటను గమనించండి. యంత్రం రోగికి బదులుగా నడవదు. నిపుణుల పర్యవేక్షణలో ఎక్కువ అడుగులు వేయించే సాధనం మాత్రమే.

యంత్రం అందుబాటులో లేకపోతే?

మన దేశంలో ఇవి కొన్ని పెద్ద ఆస్పత్రులలోనే ఉన్నాయి. అవి లేవని నిరాశపడవద్దు. పాదం వేలాడేవారికి ప్లాస్టిక్ చీలమండ పట్టీ (ఏ.ఎఫ్.ఓ.) బాగా ఉపయోగపడుతుంది. ఇంట్లో ఈ జాగ్రత్తలు పాటించండి:

• డాక్టరు అనుమతించగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. తైలంతో మర్దనా చేస్తే సరిపోతుందని వారాలు గడపవద్దు.
• నేర్పిన వ్యాయామాలను రోజూ కొద్దికొద్దిగా, పలుమార్లు చేయించండి.
• నడిపించేటప్పుడు బలహీనమైన పక్కన నిలబడండి. ఆ చేతిని పట్టి లాగవద్దు, భుజం కీలు జారవచ్చు.
• నేల తడి లేకుండా చూడండి. జారే చెప్పులు వద్దు.
• బి.పి., షుగరు మందులు మానవద్దు. పొగాకు పూర్తిగా మాన్పించండి. రెండోసారి పక్షవాతం వస్తే సంపాదించుకున్న నడక కూడా పోవచ్చు.

యంత్ర శిక్షణకు డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగండి: ఈ రోగికి అది తగినదేనా? ఎన్నిసార్లు చేస్తారు? తర్వాత ఇంట్లో ఏం చేయాలి? ఆ జవాబులతో మీ డాక్టరును, ఫిజియోథెరపిస్టును సంప్రదించి, ఆ తర్వాతే నిర్ణయం తీసుకోండి.