మిరపకాయలో నిప్పు లేదు
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం)

మాది ఆదోనికి పడమట ఒక పల్లె. నల్లరేగడి నేల. వాన పడితే పత్తి, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే తెలియని మిత్రుల కోసం ఒక మాట. సంక్రాంతి దాటిందంటే కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ మూటాముల్లె కట్టుకొని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాము. పిల్లోళ్లను ఎవరి దగ్గర వదిలిపోవాలి? వాళ్లూ బండెక్కుతారు. నాలుగో తరగతిలో నేనూ ఎక్కినాను.

రెండు నెలల తర్వాత తిరిగొచ్చి బడికి పోతే నా జాగాలో వేరేవాడు కూర్చొని ఉన్నాడు. నా చేతులు ఇంకా ఘాటు వాసన కొడుతున్నాయి. ఎవడో "మిరప్పండు వచ్చెనప్పా" అన్నాడు. అందరూ నవ్వినారు. మొదటి రోజు నేనూ నవ్వినాను. పదో రోజుకు కడుపునొప్పి అని ఇంట్లో పడుకున్నాను. అయ్యవారికి చెబితే "పిల్లోళ్లన్నాక అనుకుంటారు లేరా" అన్నారు. మా అమ్మ కళ్లాపి చల్లుతూ "మాట ఏమన్నా ఒంటికి అంటుకుంటాదేమిరా?" అంది.

మా అమ్మ అడిగిన ఆ ప్రశ్నకు జవాబు నాకు పదేళ్ల తర్వాత, జంతుశాస్త్రం పుస్తకంలో దొరికింది. ఆ జవాబునూ, దానితో చేయదగిన పనులనూ మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏది ఆట? ఏది వేధింపు?

పిల్లలన్నాక గొడవ పడతారు, పేర్లు పెట్టుకుంటారు. అదంతా వేధింపు కాదు. ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన వారిలో మొదటగా చెప్పుకోవలసినవాడు డాన్ ఓల్వేయుస్. ఆయన మూడు గుర్తులు చెప్పాడు. ఒకటి, కావాలని బాధపెట్టడం. రెండు, అదే పని మళ్లీ మళ్లీ చేయడం. మూడు, బాధపడేవాడు ఎదురు నిలవలేని స్థితిలో ఉండడం. ఒంటిబలం ఒక్కటే బలం కాదు. పదిమంది ఒకవైపు, ఒక్కడు ఒకవైపు ఉంటే అదీ బలాబలాల తేడాయే. కులం, డబ్బు, రంగు, నత్తి, యాస, ఏదైనా ఆ తేడాకు పనికొస్తుంది. ఇద్దరూ నవ్వితే ఆట, ఒకడే నవ్వలేకపోతే వేధింపు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

1982 చివర్లో నార్వే దేశంలో ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపే కారణమని తేలేసరికి ఆ దేశం ఉలిక్కిపడింది. 1983లో దేశమంతటా బడుల్లో దీనిపై కార్యక్రమం మొదలుపెట్టింది. ఓల్వేయుస్ బెర్గెన్ నగరంలో సుమారు 2,500 మంది పిల్లలను పరిశీలించి, పెద్దలు పట్టించుకున్న బడుల్లో వేధింపులు సగానికి పైగా తగ్గాయని చూపించాడు. "పిల్లోళ్లన్నాక అనుకుంటారు లే" అనే మాట ఎంత తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది.

మాట ఒంటికి అంటుకుంటుందా?

మిరపకాయ కోసిన చేయి మండుతుంది. కానీ మిరపకాయలో నిప్పు లేదు. అందులో ఉన్నది కాప్సేయిసిన్ అనే రసాయనం. మన నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడికి అది తెరుచుకుంటుంది. కాప్సేయిసిన్ ఆ తలుపునే తెరుస్తుంది. అప్పుడు మెదడుకు "కాలుతోంది" అనే కబురు పోతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ గ్రాహకాన్ని కనుగొన్నది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నిప్పు లేకపోయినా మంట మాత్రం నిజం.

మాట సంగతీ ఇంచుమించు ఇంతే. 2003లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. కంప్యూటరు తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట. కాసేపటికి మిగిలిన ఇద్దరూ ఒకరిని పక్కన పెట్టేస్తారు. అలా వెలి అయిన వారి మెదడును పరిశీలిస్తే, దెబ్బ తగిలినప్పుడు బాధను నమోదు చేసే ప్రాంతాల్లో ఒకటి చురుకైనట్లు కనిపించింది. వాళ్లను ఎవరూ తాకలేదు, తిట్టనూ లేదు. బంతి ఇవ్వలేదు, అంతే.

భయం కలిగినప్పుడు మూత్రపిండాల మీది అధివృక్క గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. కుక్క వెంటపడినప్పుడు ఇది మేలే. కానీ బడికి పోయిన ప్రతిరోజూ ఇదే జరిగితే నిద్ర చెడుతుంది, ఆకలి మందగిస్తుంది, చదివింది నిలవదు. అలాంటి పిల్లవాడిని మనం "మొద్దు" అంటాము. నా కడుపునొప్పి పూర్తిగా అబద్ధం కాదని నాకు ఇప్పుడు అర్థమైంది.

చేయదగిన నాలుగు పనులు

వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. పోయిన వేసవిలో మా ఊరి రచ్చకట్ట మీద ఎనిమిది మంది పిల్లలతో వీటిని చేయించి చూశాను.

మొదటిది ఊపిరి. శ్వాస వదిలేటప్పుడు వేగస్ నాడి పనిచేసి గుండె వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. కాబట్టి నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలాలి. పిల్లలకు లెక్క కంటే పోలిక బాగా పడుతుంది. "అవ్వ ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు సన్నగా, నిదానంగా వదలండి" అంటే వెంటనే పట్టుకున్నారు. ఏడుపు గొంతు దాకా వచ్చినప్పుడు ఇలా అయిదారుసార్లు చేస్తే నోట మాట రావడానికి వీలవుతుంది.

రెండవది మట్టి. ఏరువాక పున్నమి తర్వాత వచ్చే అమావాస్యకు మా వైపు మట్టెద్దులు చేసి పూజిస్తారు. సరిగ్గా బడులు తెరిచే రోజులవి. మట్టిని పిసుకుతూ కొమ్ములు, మూపురం తీరుస్తున్నంతసేపూ పిల్లవాడి ధ్యాస వేళ్ల మీదే ఉంటుంది. నిన్నటి మాట, రేపటి భయం కాసేపు పక్కకు తప్పుకుంటాయి. మౌనంగా ఉండే పిల్లలు చేతికి పని దొరికితే మాట కలుపుతారని కూడా గమనించాను. ఎమ్మిగనూరుకు చెందిన నా మిత్రుడొకడు చేనేత కుటుంబం వాడు. చిన్నప్పుడు వాడికి నత్తి ఉండేది. బడిలో ఏడ్చి వచ్చిన రోజు వాళ్ల నాయన ఏమీ అడగకుండా మగ్గం దగ్గర కూర్చోబెట్టి తెగిన పోగులు అతకమనేవాడట. "పది పోగులు అతికేసరికి నేనే అంతా చెప్పేసేవాణ్ణి" అంటాడు. మనం మగ్గం దాకా పోనక్కరలేదు. చేతిపని ఏదైనా సరిపోతుంది.

మూడవది రాత, గీత. 1986లో అమెరికాలో పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాలేజీ విద్యార్థుల చేత రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ బాధలను రాయించాడు. తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు వైద్యుడి దగ్గరకు పోవడం తగ్గింది. రాయలేని పిల్లలకు బొమ్మ ఉంది. మా రచ్చకట్ట మీద, సుగ్గి నుంచి వచ్చిన ఒక పాప తన బొమ్మ గీసింది. జడలు, గౌను, చెవులకు కమ్మలు అన్నీ ఉన్నాయి. చేతులు లేవు. "చేతులు యాడికి పోయినాయమ్మా?" అంటే "మండుతాయని పెట్టలేదన్నా" అంది. ఆ పాపను నెల రోజులుగా ఎవరూ ఏమీ అడగలేదని తర్వాత తెలిసింది.

నాలుగవది నాటకం. ఒకడు ఏడిపించేవాడు, ఒకడు ఏడ్చేవాడు, మిగిలినవాళ్లు చూసేవాళ్లు. కాసేపటికి వేషాలు మార్చాలి. "ఊరుకో, ఇది నాకు బాగాలేదు" అని తల ఎత్తి చెప్పడం ముందే అలవాటు చేయించాలి. అంతకంటే ముఖ్యం, చూసేవాళ్లకు కూడా ఒక మాట నేర్పాలి. "రా, మనం అటు పోదాం" అని బాధపడేవాణ్ణి చేయి పట్టి తీసుకుపోతే చాలు. కెనడాలో జరిగి 2001లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారం, బడి ఆవరణలో వేధింపు జరిగినప్పుడు దాదాపు ప్రతిసారీ తోటి పిల్లలు చుట్టూ ఉన్నారు. కల్పించుకున్నది మాత్రం అయిదింట ఒకసారి కంటే తక్కువ. కానీ అలా కల్పించుకున్నప్పుడు 57 శాతం సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది.

చూసేవాడి పాపం

ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. ఏడో తరగతిలో కర్ణాటక సరిహద్దు ఊరి నుంచి ఒకడు మా తరగతిలో చేరినాడు. వాడి తెలుగులో సగం కన్నడం. వాడు పాఠం చదివితే తరగతంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే. నన్ను మిరప్పండు అనడం అప్పటికి మానేసినారు. వాడు నవ్వులపాలైనంత కాలం నా వంతు రాదని నాకు తెలుసు. వాడు ఆ ఏడాదే బడి మానేసినాడు. మా నవ్వు ఒక్కటే కారణమని చెప్పలేను. అది కారణం కాదని చెప్పే ధైర్యమూ లేదు. ఇప్పుడు ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పనిచేస్తున్నాడు. మొన్న సెలవుల్లో ఎదురుపడి "బాగుండావా?" అని వాడే పలకరించినాడు. నా నోట మాట రాలేదు.

పెద్దల బాధ్యత

ఊపిరి, మట్టి, బొమ్మ, ఇవన్నీ మంట తగ్గించే మజ్జిగ వంటివి. మిరపకాయ రుద్దే చేతిని ఆపవలసింది పెద్దలే. బాధపడే పిల్లవాణ్ణి "నువ్వే సర్దుకో" అని ఊపిరి లెక్కపెట్టుకోమనడం అన్యాయం. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయ్యవారే తరగతిలో ఒకణ్ణి ఎగతాళి చేస్తే పిల్లలకు అదే పాఠమవుతుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. సుగ్గికి పోయేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. అవి వేళకు తెరిస్తే సగం మంది పిల్లలకు తరగతిలో తమ జాగా పోదు.

మనమేమీ తక్కువ కాదు. ర్యాగింగ్ నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అయినా కొత్తగా చేరిన పల్లెటూరి విద్యార్థి యాసను హాస్టల్లో అనుకరించి నవ్వుకోవడం "సరదా"గానే చెలామణీ అవుతోంది. ఏడో తరగతిలో నేను నవ్విన నవ్వే అది.

అందుచేత మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఆదోని, ఎమ్మిగనూరు వైపు పెట్టినప్పుడు రోడ్లు ఊడవడంతోబాటు రోజుకు ఒక గంట ఊరి బడిలో గడుపుదాం. ఒక తట్ట మట్టి, కొన్ని తెల్లకాగితాలు చాలు. సుగ్గి నుంచి వచ్చిన పిల్లలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తరగతి చివర్లో కూర్చొని ఉంటారు. మొదట వాళ్ల పక్కన కూర్చుందాం.

మాట ఒంటికి అంటుకుంటాదమ్మా. అయితే మంచి మాట కూడా అలాగే అంటుకుంటుంది. ఆ పాప వేసవి చివరిరోజు ఇంకో బొమ్మ గీసి ఇచ్చింది. ఈసారి చేతులు పెట్టింది. రెండు చేతుల్లోనూ ఒక మట్టెద్దు ఉంది.