మీకు తెలుసా? పొయ్యిగూటి కొయ్యనుండి పుట్టిన గిటారు

కిట్టుగా అమ్మెడి ఎలక్ట్రిక్ గిటారును కొన్నవానికి మెడయు దేహమును ముందే కోసి, రంధ్రములు తొలిచి సిద్ధముగ నుండును; మరలు బిగించి, ఉప్పుకాగితముతో నునుపుచేసి, మెఱుగు పూయుట వాని వంతు. ఆ ఆసరాయు లేకయే 1963లో లండన్ శివారున పదునాఱేండ్ల బ్రియాన్ మే, దుకాణపు గిటారుకు ధనము చాలక, తండ్రి హెరాల్డుతోఁ గూడి, పాత పొయ్యిగూటి మహాగని కొయ్యను చేతితోనే చెక్కి మెడగా మలచెను. పురుగులు తొలిచిన బెజ్జములను అగ్గిపుల్లలతోఁ బూడ్చెను. తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప బొత్తాములు మెడపై స్వరస్థాన చిహ్నములైనవి.

ఇంతకంటెను విస్మయకరము తీగల కొనలు బిగించిన కీలుపలక: కత్తియంచుపై ఊఁగులాడు దానిని, తీగల లాగుడునకు ఎదురొడ్డి, పాత మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు నిలుపును, స్వరమును కంపింపఁజేయు చేతికాడ కొన యొక అల్లికసూది ముక్క. యంత్రశాస్త్రమును ఇంత సొగసుగ సంగీతమునకు వినియోగించిన బాలురు అరుదు. తీగల కంపనమును విద్యుత్సంకేతముగ మార్చు పికప్పులను మాత్రము, తాను చుట్టినవి తృప్తినీయక, బర్న్స్ సంస్థవారివి కొనెను.

సుమారు రెండేండ్ల పరిశ్రమకు ఫలమైన యీ ‘రెడ్ స్పెషల్’నే ఆతఁడు క్వీన్ రాక్ సంగీతబృందమున దశాబ్దములు వాయించెను, 2002లో బకింగ్‌హాం ప్రాసాదపు కప్పుమీఁద బ్రిటిష్ జాతీయగీతమును మ్రోగించినదియు దీనితోడనే.